గాజు గొట్టాల్లో మావయ్య కొబ్బరి

మొన్న మా చెల్లెలి మనవరాలు ఆలమూరులో బస్సెక్కి నేరుగా కొత్తపేటలో మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే సెల్‌ఫోను నా కళ్ల ముందు పెట్టింది. ఏదో విశ్వవిద్యాలయం వారు కణ జీవశాస్త్రంలోనూ అణు జీవశాస్త్రంలోనూ పీహెచ్‌డీకి సీట్లున్నాయని, ఫెలోషిప్పు కూడా ఇస్తామని ప్రకటించారు. కాలేజీలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని ఇంటిల్లిపాదిలో నేనొక్కదాన్నే కనుక, దేని మీద పరిశోధన చేస్తానని రాయాలో చెప్పమంటుంది. ఒకప్పుడు నేనూ అలాంటి సీటులోనే చేరి మధ్యలో వదిలేసి వచ్చానని దానికి తెలియదు.

మా రోజుల్లో అవకాశాలు ఇలా అరచేతిలోకి వచ్చేవి కావని నా ఈడు వారికి వేరే చెప్పక్కర్లేదు. ఎమ్మెస్సీ అయ్యాక మా ప్రొఫెసరుగారు కొబ్బరి కణాల నుంచి మొక్కలు పెంచే పని చేస్తావా అని అడిగితే, కోనసీమ పిల్లకి ఇంతకంటే ఏం కావాలని ఎగిరి గంతేశాను. అరటికి పిలకలొస్తాయి, మామిడికి అంటు కట్టుకుంటాం, కొబ్బరికి ఆ రెండూ కుదరవు. మంచి చెట్టు కాయే పాతినా తల్లి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. అందుకని లేత పూగెల ముక్కల్ని గాజు గొట్టాల్లో పోషకాలు కలిపిన జెల్లీ మీద ఉంచి, ఆ కణాల నుంచే మొక్కను రప్పించాలి. ఒక్క మొలక చూపిస్తే నా థీసిస్ గట్టెక్కినట్టే, లేకపోతే ఫెలోషిప్పు ఆగిపోతుంది.

మా మావయ్య తోటలో చెట్లన్నీ తెగులు తగిలి ఒక్కొక్కటే ఎండిపోతున్నా, నూతి పక్క చెట్టు మాత్రం విరగకాస్తూనే ఉండేది. దాని సంతతి నిలబెట్టమని ఆయన నన్ను పట్టుకున్నాడు. ఇంకా విచ్చని పూగెలను చెట్టెక్కి కాయలు దింపే మనిషి చేత కోయించి, పై తొడుగు విప్పితే బూజు చేరుతుంది, ప్రయోగశాలలోనే విప్పాలి అని ఇంట్లో అందరికీ చెప్పి స్నానానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా అత్తయ్య తొడుగు చీల్చి, లోపలి లేతరెమ్మలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచింది.

“గడప దాటి వెళ్తోంది కదమ్మా, పసుపు రాయకుండా ఎలా పంపుతాను?” అంది.

అంత ప్రేమగా చేసిన మనిషిని ఏమనగలను? పక్కనే ప్రొఫెసరుగారికని ఆత్రేయపురం పూతరేకుల పొట్లం కూడా పెట్టింది. ఆయన వాటిని ఆనందంగా తింటున్న వారంలోనే నా గొట్టాలన్నిటా తెల్లటి బూజు పట్టింది.

రెండోసారి మావయ్యే పూగెలను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, ఎవరినీ తాకనివ్వకుండా తెచ్చాడు. ఈసారి బూజు రాలేదు. ముక్కలు ఉబ్బాయి కూడా, ఆపైన గోధుమ రంగుకు తిరిగి, నల్లబడిపోయాయి. చీకట్లో పెట్టాను, బొగ్గుపొడి కలిపాను, మందుల పాళ్లు మార్చాను, ఏదీ పనిచేయలేదు. చూద్దామని వచ్చిన మావయ్య అద్దం తలుపు బయట నిలబడి, “పచ్చబడుతుందంటావా, అమ్మాయ్?” అని అడిగాడు. “ఆయ్, చూస్తున్నానండీ” అన్నాను. చూస్తూండడం తప్ప నిజంగానే నా చేతిలో ఏమీ లేదు.

ఆ ఏటి తుఫాను ఆ చెట్టు తలను విరిచేసింది. మళ్లీ తేవడానికి పూగెల లేదు, ఫెలోషిప్పూ ఆగింది. సామాను సర్దుకుంటూ బావురుమన్నాను. ఇక్కడికొచ్చి కాలేజీలో చేరి, రిటైరయ్యేదాకా నల్లబల్ల మీద కణం బొమ్మ గీస్తూ గడిపాను. మావయ్య మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఒక్కసారి కోప్పడినా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు కొబ్బరి కణాల నుంచి మొక్కలు రప్పిస్తున్నారట, ఈ పిల్లే ఫోనులో చూపించింది. గాజు సీసాలో వేలెడంత పచ్చటి ఆకు. కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చూశాను. అదేమో సంబరపడిపోతూ, “పెద్దమ్మమ్మగారూ, నేనూ కొబ్బరి మీదే రాసేస్తానండీ, మన వైపు మంచి చెట్టేదో చెప్పండి” అంది. మావయ్య లేడు, అత్తయ్యా లేదు, తోటను చదును చేసి చేపల చెరువు తవ్వేశారు. ముందు దరఖాస్తు పెట్టమ్మా, చెట్టు సంగతి తరవాత చూద్దాం అన్నాను.