సుగుణమ్మ ఎక్కిన గుట్ట

వాన ఇప్పుడే వెలిసింది. పగలంతా ఎండకు కాగి తడిసిన బండల వాసన కిటికీలోంచి వస్తోంది. పాప నిద్రపోయింది. ఈ వాసన తగిలితే చాలు, నాకు సుగుణమ్మ గుర్తొస్తుంది.

శంషాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ మెట్లు ఊడ్చడానికి ఆమె కొత్తగా చేరినప్పుడు పాపకు ఎనిమిది నెలలు. బిడ్డ ఊపిరి తీసుకుంటోందో లేదోనని గంటకు పదిసార్లు చూసుకునే రోజులవి. సుగుణమ్మ గగన్‌పహాడ్ దగ్గర ఒక గుట్ట కింద ఇరవై ఏళ్లు కంకర కొట్టింది. రాతి పెచ్చు తగిలి కుడికన్ను పోయింది. రెండోదీ ఎన్నాళ్లో ఉండదని దవాఖానలో చెప్పారట. ఆమె భర్త ఆ గుట్ట పైన సుత్తితో, ఉలితో బండను చీల్చడానికి రంధ్రాలు వేసేవాడు. ఆడవాళ్లకు పని కిందనే.

"పైకెల్లి హిమాయత్ సాగర్ నీళ్లు కనబడ్తయనేటోడు బిడ్డా. తాగినోని మాటలని నవ్వేదాన్ని. ఆయన పోయిండు. చూపున్నప్పుడే ఒక్కపారి ఎక్కి చూడాలె. కొడుకేమో పడ్తవని పోనిస్తలేడు," అంది.

నేను వస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు.

పాపను మొదటిసారి మా అత్తమ్మ దగ్గర వదిలి, శనివారం పొద్దున ఆమెతో బయలుదేరాను. ఆమె కోసం చేతికర్ర, గ్లూకోజు నీళ్లు తీసుకెళ్లాను. సుగుణమ్మ చెప్పులు విడిచి కొంగు బిగించి, కర్ర నా చేతికే తిరిగిచ్చింది. దారిలో నేను నాలుగోసారి ఇంటికి ఫోన్ చేస్తుంటే, "ఇంకోపారి చేస్తే ఆ సెల్లు గుట్ట మీదికెల్లి ఇసిరేస్త," అంది.

సగం ఎక్కాక నున్నటి ఏటవాలు బండ వచ్చింది. కిందికి చూశాను. అక్కడే కూలబడ్డాను. ఆమె వెనక్కి దిగి వచ్చి, పిడికిలితో బండను తట్టి చెవి ఆనించింది.

"డొల్లదైతే చప్పుడు తెలుస్తది. ఇది గట్టిది. నువ్వు తట్టు."

తట్టాను. గట్టిగానే ఉంది. మళ్లీ తట్టాను. మూడోసారి తట్టబోతే మణికట్టు పట్టుకుంది.

"ఒక్కపారి తట్టినవు గద. గట్టిదని తెలిసినంక మల్ల తట్టుడేంది? అడుగెయ్యి."

వేశాను.

పైన బండలో వరుసగా రంధ్రాలు, వాటి నిండా వాన నీళ్లు. సుగుణమ్మ ఒక్కొక్కదానిలో వేలు పెట్టి చూస్తూ పోయి ఒకచోట ఆగింది. "ఇది ఆయనదే. జర వంకరగ దించుతడు," అని ఆ నీళ్లు కళ్లకు అద్దుకుంది. దక్షిణం వైపు విమానం ఒకటి పెద్ద రొదతో లేచింది. ఆమె తల తిప్పలేదు. పడమటి వైపే చూస్తోంది.

"అగో, ఆడ తెల్లగ పలక లెక్క మెరుస్తున్నదేంది?"

"హిమాయత్ సాగర్," అన్నాను.

ఆ ఒక్క కన్నూ రెప్ప వేయకుండా చూస్తోంది. ఎవరైనా అంతగా చూడటం నేను అంతవరకు ఎరగను.

"అబద్ధం చెప్పలే ముసలోడు," అంది చివరికి.

ఇప్పుడామె జల్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటోంది. చూపు పూర్తిగా పోయింది. నేను వెళ్లినప్పుడల్లా హిమాయత్ సాగర్‌లో నీళ్లున్నాయా అని అడుగుతుంది.

సాయంత్రం పాప ఒళ్లు కాస్త వెచ్చబడింది. ఇందాక నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది. రెండోసారి వేయలేదు.