చైర్మన్ గారి గుమ్మంలో శని

ఆ రోజుల్లో నాకు రెండే నమ్మకాలు. లెక్క ఎప్పుడూ తప్పదు, నేనూ తప్పను. మొదటిదాన్ని ఇప్పటికీ నమ్ముతున్నాను. జలంత్రకోట దగ్గర ఓ ఊళ్ళో, ఎలిమెంటరీ బళ్ళో విద్యా వాలంటీరుగా నా తొలి ఏడాది అది. స్కూలు కమిటీ చైర్మన్ గారు సంతకం పెడితేనే రెండో ఏడాది నా కొలువు. ఆ సంతకానికి వారం ఉందనగా నా మనసు సూర్యకుటుంబం మీదికి పోయింది.

పుస్తకంలో గ్రహాలన్నీ తీగ మీద పిచ్చుకల్లా పక్కపక్కనే కూర్చున్నాయి. ఎంత అన్యాయం! (లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను, అందుకే ఇతరుల తప్పులంటే మరీ కోపం.) మా ఐదో తరగతి ఆడపిల్లలు ముగ్గుల్లో ఘనులు. బడి ముంగిట అర మీటరు సూర్యుణ్ణి ముగ్గుతో వేయించాను. ఆ కొలతకి భూమి మిరియపు గింజంత, యాభై నాలుగు మీటర్ల దూరంలో. శని నిమ్మకాయంత, ఐదువందల పదిహేను మీటర్ల దూరంలో. టేపు లేదు గనక నా అంగని ముప్పావు మీటరుగా కొలుచుకుని, ‘శని - 687 అంగలు’ అని చీటీ రాసి క్లాసు లీడరు చేతికిచ్చాను. "అంకె ఎక్కడ పూర్తయితే అక్కడే వెయ్యండి, జరపొద్దు" అన్నాను. పిల్లలు అంగలు లెక్కపెడుతూ, కేకలేస్తూ వీధిన పడ్డారు.

అరగంటకి చైర్మన్ గారు ఊగిపోతూ వచ్చారు. వెనకాలే లీడరు, మోచేతుల దాకా ముగ్గు.

"ఏటి మాస్టారూ! పలాసకి జీడిపిక్కల లోడు ఎల్తన్న వేళ నా గుమ్మంలో శనిని ఎట్టించేసినావా? డ్రైవరు బండెక్కనంటన్నాడు!"

శని చేటంత ఉందట. చుట్టూ రంగురంగుల వలయాలు, కింద పెద్ద అక్షరాలతో పేరూనట.

"నిమ్మకాయంతే వెయ్యమన్నాను కదే!"

"సైర్మన్ తాత గుమ్మంలో అంత సిన్నదేత్తే బాగుంటాదేటి సార్?"

"సెరిపీమను!" అన్నారాయన.

"కుదరదండి. లెక్క ప్రకారం శని అక్కడే ఉండాలి" అన్నాను. (ఇరవై రెండేళ్ళ వయసు!)

"అయితే నీ లెక్క నీ కాడుంచు, నా సంతకం నా కాడుంచుతాను."

లీడరు మాత్రం బెదరలేదు. "తాతా, నమ్మకపోతే నువ్వే నడిసి లెక్కెట్టు" అంది.

ఆయన పంచె ఎగ్గట్టి నడిచారు. బడి మొత్తం వెనకాల కోరస్. ఆయన గుమ్మం దగ్గరికొచ్చేసరికి అంకె ఐదువందల నాలుగే! అప్పుడు వెలిగింది నాకు. అంగ నాది, కాళ్ళు పిల్లలవి.

"తప్పు నాదేనండి. శని ఇంకా ముందుకెళ్ళాలి" అన్నాను నీరసంగా.

ఆయన వీధి చివరికి చూశారు. మొహం పున్నమి చంద్రుడైంది. "ముందుకంటే... మా బావ ఇంటికాడికా?" (పొలం గట్టు తగువుతో బావాబావమరుదులకి మూడేళ్ళుగా మాటల్లేవు.) ఇక ఆయన్ని పట్టుకోవడం మా వల్ల కాలేదు. "ఆరొందల ఎనభై ఏడు! గుంటా, ముగ్గు తే! గుమ్మం నిండా ఎయ్యి!"

బావ బయటికొచ్చి తెల్లబోయాడు. "ఏటి బావా, ఇన్నాళ్ళకి మా గుమ్మంలోకొచ్చినావు?"

"నాను రాలేదు బావా, శనిని దిగబెట్టడానికొచ్చినాను. మాస్టారి లెక్క, మనమేటి సెయ్యగలం!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పక్కున నవ్వారు. తర్వాత ఆ నవ్వు ఆగలేదు. బావ కొబ్బరిబోండాలు దింపించాడు, బడికంతటికీ. సంతకం మర్నాడే పడింది.

నిజానికి చైర్మన్ గారు చివరి అంగని జానెడు ఎక్కువే సాగదీశారు. లేకపోతే శని గుమ్మం ఇవతలే ఆగేవాడు. నేను చూశాను, ఊరుకున్నాను. జీవితంలో నేను సరిదిద్దకుండా వదిలేసిన మొదటి తప్పు అదే. ఆ తర్వాత ఎందరి లెక్కలో దిద్దాను. ఇంకొన్ని వదిలేసి ఉండాల్సింది.