నేను కోసిన పోగులు

మరమగ్గాన్ని మా సిరిసిల్లలో సాంచా అంటారు. కోరుట్ల నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు రాత్రిళ్లు ఆ చప్పుడు లేక పట్టడం లేదు. మా గల్లీలో షెడ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అన్నింటినీ కొన్నది ఒకే సేటు. కొన్నవాటిని నడపలేదు. విప్పి, పాత ఇనుము కింద లారీ ఎక్కించాడు.

మాకు నాలుగు సాంచాలు. మా ఇంటాయన పోయాక నేనూ నా బిడ్డా నడిపిస్తూ వచ్చాం. సేటు ఇచ్చిన నూలుతో బట్ట నేసి సేటుకే ఇవ్వడం మా పని. బిడ్డకు అది నచ్చలేదు. సొంతంగా లంగాల బట్ట నేసి, కుట్టించి, తన పేరు మీద అమ్ముతానంది. మూట పట్టుకుని జగిత్యాల దుకాణాలన్నీ తిరిగింది. రెండింటివాళ్లు సరే అన్నారు. ఒక పడుగుకు, అంటే బట్ట నిలువు పోగులకు, సరిపడా నూలు కొని, చుట్టించి షెడ్డు మూలన పెట్టింది.

ఆ వారమే సేటు వచ్చాడు.

"అవ్వా, నాలుగూ నాకియ్యి. నడిచే సాంచాల ధరనే ఇస్త. నీ బిడ్డకు నా దగ్గర పని గూడ ఇస్త."

"నీ దగ్గర పనేంది సేటూ? నాది నేను పెట్టుకుంట," అంది బిడ్డ.

"పెట్టుకో. గా పడుగు అయిపోయినంక నూలు ఎవలిస్తరో సూసుకో."

నవ్వుతూనే అన్నాడు. నాకు ఆ నవ్వుకే భయం వేసింది. బిడ్డను కసిరి, ఇస్తామని మాటిచ్చేశాను. సోమవారం లారీ వస్తుందని, ఆలోపు సాంచాలు ఖాళీ చేయమని చెప్పి పోయాడు.

ఖాళీ చేయడమంటే నేసినంత బట్ట కోసుకోవడమే. వెనక, పోగులు దూరే అచ్చుల్లో మిగిలిన కొసలను ఎవరూ ముట్టరు. కొత్త పడుగును ఆ కొసలకే ముడివేసి లాగితే సాంచా మళ్లీ నడుస్తుంది. నాకది తెలియనిది కాదు. కానీ జానెడు దారం పారేయని చేయి నాది. మిగిలిన కొసలు నేసినవాళ్లకే చెందుతాయి, లారీలో ఎందుకు పోవాలి అనుకున్నాను. నాలుగింటివీ కత్తిరించి, అచ్చుల్లోంచి లాగేసి, పూలు కట్టుకోవడానికి ఉండ చుట్టాను.

సోమవారం లారీ రాలేదు. గురువారం సేటు ఒక్కడే వచ్చి, ఒట్టి అచ్చుల మీద వేలు పెట్టి గీరాడు.

"ఇవి నడిచే సాంచాలెట్లయితయి అవ్వా? ఇనుము ధర ఇస్త. రేపటిదాంక ఆలోచించుకో."

నా చేతి గుణం తెలిసే ఆలస్యం చేశాడేమో, నాకిప్పటికీ తెలియదు.

అతను పోగానే బిడ్డ తన పడుగును సాంచా మీదికి ఎక్కించింది. ముడివేయడానికి పాత కొసలు లేవు కాబట్టి, ఇక ప్రతి పోగునూ విడివిడిగా అచ్చులోకి ఎక్కించాలి.

"అమ్మా, ఎనుక కూసో. పోగు నువ్వందియ్యి, నేను గుంజుత."

"నా కండ్లు ఆనయి బిడ్డా."

"కత్తెర పట్టినప్పుడు ఆనినయి గద."

కూర్చున్నాను. మర్నాడు సేటు వచ్చేసరికి సగం కూడా కాలేదు. నేను లేవలేదు. లేస్తే వరుస తప్పుతుంది.

"ఇయ్యం సేటూ," అన్నాను పోగుల వెనక నుంచే.

"గదొక్క పడుగే గద," అని వెళ్లిపోయాడు.

మూడో రోజుకు సాంచా నడిచింది. గల్లీ మొత్తంలో ఆ ఒక్క చప్పుడే. మలుపులో ఆగే సేటు కారు దాకా వినబడుతుంది. పడుగు రోజురోజుకూ సన్నబడుతోంది. కత్తెర మాత్రం బిడ్డ దగ్గరే ఉంటోంది.