ఊపిరి బిగబట్టిన కోటు

బిలాస్‌పూరు రైల్వే క్వార్టర్లలో ఆ రోజుల్లో మనిషి మొహం చూసి కాదు, బట్ట చూసి పలకరించేవారు. తెల్లకోటైతే గార్డు, నీలం చొక్కా అయితే పోర్టరు, ఏ రంగో తెలియనంత మసైతే ఇంజను షెడ్డు మనిషి. గూడ్సు ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరిన నాకు మాత్రం రైల్వేవారు ఏ బట్టా ఇవ్వలేదు. పంచె మీద చొక్కా వేసుకుని ప్లాటుఫారం మీద నిలబడితే, ఎవరినో సాగనంపడానికి వచ్చినవాడిననుకునేవారు. అటువంటి రోజుల్లో మద్రాసు నుంచి వచ్చే వారపత్రికలో ఒక కోటు ప్రకటన చూశాను. మోటారు కారు మెట్టు మీద ఒక కాలు పెట్టి, బీరువా లాంటి ఛాతీతో ఒక పెద్దమనిషి. కింద, “మీరెవరో మీ కోటు చెబుతుంది!” అని రాసి ఉంది. నేనెవరో నాకే సరిగా తెలియని వయసు. తెలిసిన కోటు ఒకటి ఉందంటే వదులుకుంటానా?

కొలతలు రాసి పంపితే కోటు పోస్టులో వస్తుందట. సదర్ బజారులో ఏ దర్జీ దగ్గరికో వెళ్ళి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కాని నా ఛాతీ కొలత నాకు కంఠస్థం. ఉద్యోగంలో చేర్చుకునే ముందు రైల్వే డాక్టరు టేపు చుట్టి రెండు కొలతలు తీస్తాడు: ఊపిరి వదిలినప్పుడు ఒకటి, గుండెల నిండా పీల్చినప్పుడు ఒకటి. రెండోది తీసి ఆయన “అచ్ఛా!” అన్నాడు. నా శరీరాన్ని చూసి అంతకుముందు గాని ఆ తరువాత గాని ఎవరూ అచ్ఛా అనలేదు. అప్పటి నుంచీ నా దృష్టిలో నేనంటే ఆ రెండో అంకే. దాన్నే రాసి పంపాను. (మొదటిది ఒంట్లో ఊపిరి లేనప్పుడు తీసినది కదా, దాన్ని లెక్కలోకి తీసుకోవడం న్యాయం కాదనిపించింది.)

కోటు వచ్చింది. చక్కగా సరిపోయింది, ఊపిరి పీల్చి ఉన్నంతసేపూ. మా అప్ప (మా వైపు అక్కను అలాగే అంటాం) చూసి, “ఏటిరా గుంటడా, ఇది కోటా, సర్కస్ డేరానా? లోపల ఇంకెవులైనా ఉన్నారేటి?” అంది. నేను గట్టిగా ఊపిరి పీల్చి చూపించాను. “అచ్ఛా, ఇప్పుడు బాగుంది. ఏదీ, మాటాడు,” అంది. మాట్లాడలేదు.

ఆ వారంలోనే అప్ప నాకొక సంబంధం చూసింది. ఎదుటి లైనులో ఇంజను నడిపే డ్రైవరు మావయ్య కూతురు. ఆ పిల్ల కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ, నేను స్నేహితులతో ఆడే పరాచికాలకు బిందె చాటున నవ్వడం చూసినప్పటి నుంచీ మరో పిల్ల నా కంటికి ఆనలేదు. నవ్వించడం తప్ప నాకు వేరే విద్య రాదన్న సంగతి పెళ్ళిచూపులకు బయలుదేరేటప్పుడు గుర్తుండవలసింది. కోటు మాత్రమే గుర్తుంది.

వాళ్ళింట్లో ఆ కోటు నిండా నిండి కూర్చున్నాను.

“డ్యూటీ ఎలగుంది బాబూ?” అన్నాడు డ్రైవరు మావయ్య. తల ఊపాను.

“గూడ్సులో పని ఎక్కువేటి?” మళ్ళీ తల ఊపాను. ఇక నిలవక, ముక్కులోంచి సన్నగా వదిలి చటుక్కున పీల్చుకున్నాను. భుజాలు కూలి లేచాయి. ఆయన చెవులు రిక్కించి గది నాలుగు మూలలా చూశాడు. “ఎక్కడో స్టీము లీకవుతున్నట్టుందే!” అన్నాడు.

పిల్ల నానమ్మ అప్ప వైపు వంగింది. “గుంటడు మూగోడేటమ్మా? ముందే సెప్పుంటే బాగుండేది.”

“మూగోడా! ఈడి నోరు మూయించలేక సస్తన్నాం మామ్మా.”

“మరి మొకం అలగ ఎర్రబడిపోతందేటి?”

ఆ పిల్ల లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మొహంలో నవ్వు జాడ లేదు. నన్నొకసారి చూసి, కొంగు సర్దుకుని లోపలికి తిరిగింది. నా కళ్ళ ముందే సంబంధం వెళ్ళిపోతోంది. ఆపుదామంటే మాట్లాడాలి, మాట్లాడితే కోటు పోతుంది. అంతలో ఆ పిల్ల ఆగి, మళ్ళీ నా మొహం చూసి, మెల్లిగా అంది: “మామ్మా, ఆయన్ని ఊపిరి వొదిలీమని సెప్పు. సచ్చిపోతారు.”

వదిలేశాను. కాలరు చెవుల దాకా వచ్చింది. చేతులు లోపలికి వెళ్ళిపోయి వేళ్ళ కొసలు మాత్రం మిగిలాయి. అందరూ నన్ను చూశారు. దాచుకోవడానికి ఇంకేమీ లేదు కనుక నోరు తెరిచాను.

“మావయ్యా, ముందు కోటు వచ్చేసింది. మనిషి వెనక బండిలో వస్తున్నాడు.”

డ్రైవరు మావయ్య నవ్వుకు కుర్చీ కిర్రుమంది. ఆ పిల్ల లోపలికి పరుగెత్తింది. వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది, దాని వెనకే నవ్వు.

పెళ్ళయ్యాక అడిగాను, ఆ రోజు లోపలికెందుకు తిరిగావని. “మరేటి! కుళాయి కాడ మాటాడినాయన వస్తారని సూస్తంటే, పేపర్లో బొమ్మొచ్చి కూకుంది. వొద్దని సెప్పడానికే ఎల్తన్నాను,” అంది.

పత్రికల్లో ఆ ప్రకటనలు ఇప్పటికీ వస్తున్నాయి. మోటారు మారింది, మీసం మారింది, ఛాతీ మాత్రం అదే. నేను సదర్ బజారులో కుట్టించుకుంటున్నాను. మా ఆవిడ వెంట వచ్చి, దర్జీ టేపు తీయగానే, “భయ్యా, పహలే సాంస్ ఛోడ్నే దో,” అంటుంది. నేను బుద్ధిగా ముందు ఊపిరి వదులుతాను, ఆ తరువాతే టేపు. అప్పుడప్పుడు ఆ గుమాస్తా కుర్రాడు జ్ఞాపకం వస్తాడు, ఎర్రబడిన మొహంతో, ఎవరో బొమ్మగా మారడానికి ప్రాణం బిగబట్టుకుని. పాపం, వాడి భుజం తట్టాలనిపిస్తుంది. ఆ కోటులో భుజం ఎక్కడుందో ముందు వెతకాలి.