పిస్టల్‌లో కుంకుమ

ఇవాళ గరాజ్‌లో నాన్న పాత పిస్టల్ నేను క్లీన్ చేస్తుంటే, ఆ నూనె వాసనకి అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో, మా చిన్నప్పటి దసరా ఒకటి గుర్తొచ్చింది.

మీ ఇళ్ళల్లోనూ ఆయుధ పూజకి కారు తాళాలు, లాప్‌టాప్, స్క్రూడ్రైవర్లు పెట్టేవారు కదా? ఆ ఏడు అమ్మ వాటి పక్కనే నాన్న కొన్న మిలిటరీ పిస్టల్ కూడా పెట్టింది. అంతకుముందు అది ఏ దేశపు సైనికుడిదో, ఏ యుద్ధం చూసిందో మాకు తెలీదు.

"అది కలెక్షన్‌కి కొన్నానే, పూజకి కాదు!" అన్నారు నాన్న.

"వీటిల్లో నిజమైన ఆయుధం అదొక్కటే కదండీ!" అంటూ అమ్మ దాని నిండా కుంకుమ జల్లి, నన్ను కళ్ళకద్దుకోమంది.

నేనేమో సెకండ్ గ్రేడ్. తుపాకీ కనిపిస్తే ముట్టుకోకుండా పెద్దవాళ్ళకి చెప్పాలని ఆ వారమే స్కూల్లో నేర్పారు. చెబుదామంటే పెద్దవాళ్ళే దానికి హారతి ఇస్తున్నారు! ఏం చేయాలో తోచక, చేతులు వెనక్కి కట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

మర్నాడు నాన్న న్యూస్‌పేపర్ పరిచి, పిస్టల్ విప్పి, అమ్మని తిట్టుకుంటూ ఇయర్‌బడ్స్‌తో కుంకుమ తీశారు.

ఇప్పుడు నాన్నకి చత్వారం, అందుకే ఆ పని నాకొచ్చింది. స్ప్రింగ్ తీసి లోపల తుడిస్తే దూది ఎర్రగా వచ్చింది.

"నాన్నా, ఇది కుంకుమే కదా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"కుంకుమే అయ్యుంటుందిలేమ్మా."