మగ్గాలు ఆగిన రోజు

కాశిబుగ్గ సందుల్లో నడుస్తున్నప్పుడు కరెంటు పోతే గంజి వాసన అలాగే ఉంటుంది, మరమగ్గాల మోత మాత్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దానికి నా గుండె ఇప్పటికీ ఝల్లుమంటుంది. ఆ వెంటనే సాంబన్న గుర్తొచ్చి నవ్వు వస్తుంది.

సాంబన్న జంపఖానాలు నేసేవాడు. హార్మోనియం బాగా వాయించేవాడు. తనలాగే మగవాళ్లను ప్రేమిస్తూ, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక లోలోపల నలిగిపోతున్న మమ్మల్ని ఎనిమిది మందిని పోగేసి బృందగానం మొదలుపెట్టాడు. పాటలు తనే కట్టేవాడు. పనిగట్టుకుని మరమగ్గాల షెడ్డు మీది గదినే అద్దెకు తీసుకున్నాడు. కింద ఆ మోత ఉంటే పైన మేమెంత పాడినా వీధిలోకి వినబడదు. "మగ్గం నడిచినంత సేపు మనకు ఫికర్ లేదు" అనేవాడు. చుట్టుపక్కలవాళ్లు మమ్మల్ని భజన బృందమనుకున్నారు. మేమూ కాదనలేదు.

అందరిలోకీ పిరికివాణ్ణి నేనే. మట్టెవాడలో మాది స్టీలు సామాన్ల దుకాణం. నాన్న పోయాక దాన్నీ నన్నూ నిలబెట్టింది అమ్మ. ఆమెకు తెలిస్తే నా ముఖం చూడదేమోనన్న భయంతో, అంత మోతలోనూ పెదవులు ఆడించేవాణ్ణే తప్ప పాడేవాణ్ణి కాదు. ఒకరోజు సాంబన్న నా నోటి దగ్గర చెవి పెట్టాడు.

"సప్పుడే లేదు గద తమ్మీ."

"ఎవరన్న నా గొంతు గుర్తువడితే ఎట్లనే?"

"గుర్తువట్టకుంటే పాడుడెందుకురా?"

ఆ తర్వాతి వారమే పాట మధ్యలో కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. దొంగతనం చేస్తూ దొరికినట్టు అందరం నోళ్లు మూశాం. సాంబన్న ఒక్కడే చరణం చివరిదాకా పాడాడు. పాడి, హార్మోనియం మూసి, "వచ్చే వారం సంది మగ్గాలు బంద్ ఉన్ననాడే పాడుదాం" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నీకేం, ఒంటిగాడివి అనుకున్నాను. మూడు వారాలు ఆ వైపు పోలేదు.

నాలుగో వారం ఆయనే దుకాణానికి వచ్చాడు. ఒక గ్లాసు కొన్నాడు. పోతూ పోతూ నాకు మాత్రమే వినబడేలా "నీ జాగ అట్లనే ఉంచిన" అన్నాడు.

"ఎవర్రా ఆయన?" అని అడిగింది అమ్మ.

ఏ అబద్ధమైనా సరిపోయేది. ఎందుకో ఆ రోజు నోరు రాలేదు. ఆయనెవరో, నేనెవరినో అంతా చెప్పేశాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కంచం ముందు పెట్టి వెళ్లిపోయేది. ఆ రెండు రోజులు నేను బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు.

మూడో రోజు మగ్గాలకు సెలవు. పాడేందుకు ఆ గదికి బయల్దేరాను. నా వెనకే అమ్మ కూడా మెట్లెక్కి వచ్చింది, మోకాళ్లు పట్టుకుంటూ. సాంబన్న తను నేసిన జంపఖానా పరిచి కూర్చోబెట్టాడు. కిటికీలు తీసి ఉన్నాయి. నేను పాడాను, గొంతెత్తి, మొదటిసారి. పాట అయ్యాక అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంత గొంతు పెట్టుకొని ఇన్నేండ్లు ఇంట్ల సప్పుడు చెయ్యకుంట ఎట్లున్నవ్ బిడ్డా?"

సాంబన్న పోయి రెండేళ్లయింది. ఆయన కొన్న గ్లాసు హార్మోనియం పక్కనే ఉంటుంది. ఇప్పుడు ఆ పెట్టె ముందు కూర్చునేది నేను. ఇప్పుడు ఇరవై ముగ్గురం. మొన్న కొత్తగా ఒక లెక్చరరు చేరాడు. పెదవులు ఆడుతున్నాయి, సప్పుడు లేదు. నేను లేచి వెళ్లి ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను.