వేలంలో పోయిన పేజీ

తారాబాయి మేడం ఊరికే కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. నిజామాబాద్ నుంచి రోజూ బోధన్ బస్సులో వచ్చేది. ఆ కాస్త ప్రయాణంలోనే పక్క సీటావిడకు పెళ్లెప్పుడైందో, పసుపు ఎంత పండిందో, మోకాళ్ల నొప్పికి ఏం రాస్తోందో అన్నీ అడిగి తెలుసుకుని దిగేది. వాళ్లమ్మ గంగుబాయి ఇంట్లో బీడీలు చుట్టి ఆమెను చదివించింది. చిన్నప్పుడు తనూ చుట్టింది కాబట్టి, చేతులు ఖాళీగా ఉంటే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుందని చెప్పేది. మా హైస్కూల్లో ఆమె సోషల్, నేను తెలుగు. స్టాఫ్‌రూంలో మా కుర్చీలు పక్కపక్కనే ఉండేవి. అది నా కర్మ.

మా బడి బోధన్ అవతల, చెరుకు బండ్లు పోయే రోడ్డు పక్కన. నేను చెప్పేది రెండువేల ఏడు నాటి మాట. సర్కారు పంపిన కంప్యూటర్లు ఒక గదిలో, దుమ్ము పడకుండా తువ్వాళ్లు కప్పుకుని కూర్చునేవి. హెడ్మాస్టర్ ఆశన్న సార్ ఆ గదికి పెద్ద తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకునేవాడు. పిల్లలకు వాటి దర్శనం దసరా సెలవులకు ముందు, పూజ చేసి బొట్లు పెట్టేటప్పుడు మాత్రమే దొరికేది.

ఆ ఏడు తారాబాయి మేడం నిజామాబాద్‌లో ఏదో శిక్షణకు పోయి, వికీ అనే మాట నేర్చుకుని వచ్చింది. వచ్చిన రోజు నా చెవి వదల్లేదు. వికీ అంటే అందరూ కలిసి రాసే పేజీ అట. ఒకరు రాసిందాన్ని ఇంకొకరు పెంచవచ్చు, దిద్దవచ్చు, తీసెయ్యవచ్చు. తీసేసినా పాతది ఎక్కడికీ పోదు, వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలతో మన ఊరి మీద ఒక పేజీ రాయిస్తానంది. పక్కవాడి పేపర్లోకి చూడొద్దని ఇన్నేళ్లుగా గొంతు చించుకుంటున్నవాణ్ని, నాకు ఒళ్లు మండింది. అలాంటప్పుడు మార్కులు ఎవరికి వేస్తావని అడిగాను. పేజీకి వేస్తానంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు ఆ బోధన్ బస్సులోనూ లేరు.

ఆశన్న సార్ ఒక్క షరతు మీద తాళం తీశాడు. గదిలో ఒక్క కొట్లాట జరిగినా మళ్లీ తాళం పడుతుంది. ఆయనకు నిశ్శబ్దమంటే ప్రాణం.

కంప్యూటర్ నేర్పడానికి వచ్చే కుర్రాడు ఒక మిషన్లో వికీ పెట్టి, తక్కినవాటికి వైర్లు కలిపి ఇచ్చాడు. మొదటి వారం ముచ్చటగా గడిచింది. రెండో వారం గణపతుల దగ్గర వచ్చింది తంటా. పేజీలో ఒకడు తమ వాడ గణపతే ఊళ్లో పెద్దదని రాశాడు. ఇంకో వాడవాడు అది తీసేసి తమది పెద్దదని రాశాడు. పొద్దున ఒక గణపతి పెరిగితే మధ్యాహ్నానికి ఇంకో గణపతి పెరిగేది. ఆఖరికి గుండీలు తెగాయి. ఆశన్న సార్ తాళం పట్టుకుని వచ్చి, ఈసారికి వదిలేస్తున్నానని చెప్పి వెళ్లాడు.

ఆ తర్వాత ఉన్నట్టుండి గది ప్రశాంతమైపోయింది. తారాబాయి మేడం మురిసిపోయింది. పిల్లలకు కలిసి రాయడం వచ్చేసిందని నాకు రెండుసార్లు చెప్పింది. అసలు సంగతి ఏమిటంటే, పిల్లలు పేజీని వేలం వేసేశారు.

మా జిల్లా ఊళ్లలో కమిటీల సంగతి కొత్తగా చెప్పేదేముంది. చెరువులో చేపలైనా, చింతచెట్టు కాయైనా కమిటీ కూర్చుని వేలం వేస్తుంది. మాట తప్పినవాడికి జుర్మానా పడుతుంది. జుర్మానా కట్టనివాడితో ఊళ్లో ఎవరూ మాట్లాడరు, మాట్లాడితే వాళ్లకూ జుర్మానా. పిల్లలు పుట్టినప్పటి నుంచి చూసింది అదే. తాళం పడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని వాళ్లు ఆలోచించుకుని, క్లాసులో కమిటీ వేసుకున్నారు. లింబాద్రిని అధ్యక్షుణ్ని చేశారు. చెరుకు ముక్కలతో వేలంపాట పాడి, పేజీలోని పేరాలన్నీ తలా ఒకటి పంచుకున్నారు. ఎవరు పాడుకున్న పేరాలో వాళ్లే రాయాలి, ఇంకొకరు వేలు పెట్టకూడదు. పండుగల పేరాకు గట్టి పోటీ నడిచింది. లింబాద్రి సంచెడు చెరుకు ముక్కలు పోసి దాన్ని గెలిచి, ‘మా ఊళ్లో పండుగలు బాగా చేస్తారు’ అని రాశాడు. ఆ తర్వాత వాడికి ఏమీ తోచలేదు.

ఇదంతా గోదావరి అనే పిల్ల వల్ల బయటపడింది. ఆ పిల్ల తండ్రిది ఎడ్లబండి. సీజన్లో ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు. గోదావరి వేలంలో పాడకుండానే లింబాద్రి పేరాలో ఒక వాక్యం చేర్చింది. పొలాల అమావాస్య నాడు మా బాపు ఎడ్లకు బచ్చాలు పెట్టిన తర్వాతే తింటాడు అని. అది ఎడ్ల పండుగ, బచ్చాలంటే బొబ్బట్లు. కమిటీ ఆ వాక్యం తీసేసి, ఆ పిల్లకు చెరుకు ముక్కల జుర్మానా వేసింది. గోదావరి కట్టనంది. దాంతో ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు, కంప్యూటర్ ముందు చోటు ఇవ్వడం లేదు. కొన్నాళ్లుగా ఆ పిల్ల కంప్యూటర్ పీరియడ్‌లో వరండాలో కూర్చుంటోందని, ఒకరోజు మేడం చూసి ఆరా తీస్తే మాకు తెలిసింది.

మేడం పిలిచి అడిగితే గోదావరి ఏడవలేదు. ‘‘మా బాపు ముచ్చట రాసుకుంటందుకు జుర్మానా ఎందుకు కట్టాలె మేడం?’’ అని మాత్రం అడిగింది.

తారాబాయి మేడం ముఖం చూసి నాకు జాలేసింది. ఆశన్న సార్‌కు సంగతి చెబితే ఆయన ఆ కమిటీని తెగ మెచ్చుకున్నాడు. ఊరి పెద్దల కంటే బాగా నడుపుతున్నారు, కదిలించొద్దన్నాడు. మేడం గద్దించి వేలం రద్దు చేయిస్తే మళ్లీ గణపతులు లేస్తాయి, తాళం పడుతుంది. ఊరుకుంటే గోదావరి వరండాలోనే ఉండిపోతుంది. అధికారం చూపిస్తే అది అందరి పేజీ ఎలా అవుతుందని ఆమె బాధ. నేనైతే నాలుగు తగిలించేవాణ్ని.

మర్నాడు ఆమె కంప్యూటర్ గదిలోకి పోయి, అందరి ముందే లింబాద్రి పేరాలో ఒక వాక్యం చేర్చి బయటకు వచ్చింది. కమిటీ గతుక్కుమంది. గుసగుసలు పోయింది. పాపం లింబాద్రి చెమటలు కక్కుతూ వచ్చి, మేడం అయినా జుర్మానా తప్పదన్నాడు. మేడం కట్టనంది. ఇంకేముంది, మా బడి చరిత్రలో మొదటిసారి ఒక టీచర్‌తో క్లాసు మాటలు మానేసింది. ఆమె హాయిగా వరండాలో గోదావరి పక్కన చతికిలబడింది.

ఆ పీరియడ్‌లో నాకు క్లాసు లేదు, కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. మేడం బస్సులో అడిగినట్టే అన్నీ అడగడం మొదలుపెట్టింది. ఎడ్ల పేర్లేమిటి, కొమ్ములకు ఏ రంగు వేస్తారు, కడగడానికి ఎక్కడికి తోలుకుపోతారు. గోదావరి మొదట ఒక్కో మాటే చెప్పింది. తర్వాత ఆపడం మా వల్ల కాలేదు. వాళ్ల ఎర్రెద్దు గజ్జెలు కట్టనిస్తుంది కానీ ఫొటో తియ్యబోతే ముఖం తిప్పుకుంటుందని చెబితే నేను కూడా పగలబడి నవ్వాను. లోపల కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు రాయడానికేమీ లేక కిటికీల దగ్గర మూగారు.

కాసేపటికి లింబాద్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వాడు అటూ ఇటూ చూసి, సంచిలోంచి చెరుకు ముక్కలు తీసి ఆమె ముందు పెట్టాడు.

‘‘గివి నా జుర్మానా మేడం. మీతోని మాట్లాడుతున్న గదా’’ అన్నాడు. గోదావరి వైపు తిరిగి, ‘‘నాకు రాస్తందుకు ఏం లేదు. ఎర్రెద్దు ముచ్చట నువ్వే రాయి’’ అన్నాడు.

వాడి వెనకే ఒక్కొక్కరూ వచ్చి, తమ జుర్మానా తామే కట్టి, ఆ ముక్కల్ని తామే నములుతూ వరండా నిండా కూర్చున్నారు. తర్వాత అందరూ ఒక్కసారే లోపలికి పరిగెత్తారు. గోదావరి కుర్చీలో కూర్చుని తన వాక్యం మళ్లీ రాసింది. దాని కింద ఎర్రెద్దు వచ్చింది. ఇంకొకడు తమ ఎడ్లకు బచ్చాలు కాదు, బూరెలు పెడతామన్నాడు. మరొకతె అదీ కాదంది. అంతే, గది దద్దరిల్లిపోయింది.

ఆశన్న సార్ తాళంతో సహా ఊడిపడ్డాడు. పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ బిగుసుకుపోయారు. ఆయన కొట్లాట దేనికని గద్దించాడు. వంగి తెరమీద ఉన్నది చదివాడు. చాలాసేపు చదివాడు. తర్వాత లింబాద్రిని జరగమని, గోదావరి పక్కన కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు.

గోదావరి భయం భయంగా మీటల మీద చెయ్యి అడ్డం పెట్టింది. ‘‘సార్, మా బాపుది తియ్యకుండ్రి’’ అంది.

‘‘తియ్య బిడ్డా’’ అన్నాడాయన. ‘‘దాని కింద మా బాపును గూడ రాస్తున్న.’’

ఇరవై ఏళ్లు కలిసి పనిచేసినా ఆయన తండ్రికి ఎడ్లుండేవని నాకు తెలియదు. ఆయన ఒక్క వేలు చాపి మీటల మీద అటూ ఇటూ వెతుకుతుంటే, గోదావరి చెయ్యి తీసి, ఏ అక్షరం ఎక్కడుందో చూపించసాగింది.